ఎవరడిగినా మైనస్ ఒకటి

"ఆ పెట్టె తీస్తావా, ఈ బఠాణీలు నీ నెత్తిమీద వలవమంటావా?" అమ్మ గొంతు ఇంకో మెట్టు ఎక్కింది.

"ఇల్లంతా ఉండగా నా లాప్‌టాప్ మీదే పడతావేంటమ్మా? సోమవారం ఆసుపత్రిలో మా ప్రోగ్రాం మొదలవ్వాలి. తప్పెక్కడుందో ఇంకా దొరకలేదు," అంది కూతురు.

"భోజనాల బల్ల భోజనాలకి. ఏమండీ, మీరైనా చెప్పండి!"

"ఇద్దరూ న్యాయంగానే మాట్లాడుతున్నారు," అని నాన్న పేపరు వెనక దాక్కున్నాడు. నాయనమ్మ ముసిముసిగా నవ్వింది.

అప్పుడే బెల్ మోగింది. గుమ్మంలో కూతురి ఆఫీసులో పనిచేసే అబ్బాయి. ఆమె డేటాబేస్ చూస్తుంది, అతను తెర మీద కనిపించే భాగం రాస్తాడు. తను వానకి తడిసి ముద్దయ్యాడు గానీ, చొక్కా లోపల దాచుకొచ్చిన లాప్‌టాప్ మీద చుక్క పడనివ్వలేదు.

ఇంతసేపూ కదలనన్న బఠాణీలు అమ్మతో, నాయనమ్మతో సహా వంటింట్లోకి వెళ్ళిపోయాయి.

కిందటి నెల ఆఫీసు మెట్ల మీద వాన తగ్గేదాకా నిలబడి, "మీ వాళ్ళతో మాట్లాడనా?" అని అడిగింది ఇతనే. ఆ తర్వాత ఎందుకో ముఖం చాటేశాడు. వేరే ఊరికి బదిలీ పెట్టుకున్నాడు. రేపు సంతకం పెడితే వెళ్ళిపోతాడు. అది తలుచుకుంటే ఆమెకి ముద్ద దిగడం లేదు.

"డేటాబేస్‌లో మీరు రాసిన ప్రొసీజర్ ఎవరికీ అపాయింట్‌మెంట్ ఇవ్వనంటోందండీ. ఎవరడిగినా మైనస్ ఒకటే!"

"నా ప్రొసీజర్‌కి ఆ అంకే తెలీదు. బుక్ అయితే సున్నా, ఖాళీ లేకపోతే ఒకటి. అంతే."

"అయితే నా తెర అబద్ధమాడుతోందా?"

"ఇదిగో, డేటాబేస్ టేబుల్‌లో చూడండి. టెస్ట్ చేసిన నర్సమ్మ పేరు మీద ఎన్ని అపాయింట్‌మెంట్లో! పాపం, కాలేదనుకుని టైము మార్చి మార్చి నొక్కుతూనే ఉంది. ఏదీ, మీ కోడ్ ఇటు తిప్పండి."

చూడగానే ఆమెకి నవ్వొచ్చింది. అతని ప్రోగ్రాం డేటాబేస్‌తో నేరుగా మాట్లాడదు. మధ్యలో ఓఆర్ఎం అనే సాఫ్ట్‌వేర్ ఒకటి రాయబారం నడుపుతుంది.

"ఇది నా జవాబు కాదండీ బాబూ. టేబుల్‌లో ఎన్ని వరుసలు మారాయో మీ రాయబారి చెప్పే లెక్క. ఆ లెక్క వద్దని ప్రొసీజర్‌లో నేనే ఆపేశాను, అందుకే మైనస్ ఒకటి అంటోంది. నా జవాబు కావాలంటే విడిగా ఒక పారామీటర్, అంటే జవాబు పట్టే డబ్బాలాంటిది, పెట్టి, అది అవుట్‌పుట్ అని రాయాలి. ప్రొసీజర్‌ని పిలిచాక అందులో చూడాలి."

అతను టైప్ చేసి నొక్కాడు. తెర మీద సున్నా వచ్చింది. మళ్ళీ నొక్కాడు. ఆ టైము నిండిపోయిందని ఒకటి వచ్చింది.

"అంటే ఇన్నాళ్ళూ జవాబు వస్తూనే ఉందా?"

"వస్తూనే ఉంది. మీరే ఇంకేదో చూసి లేదనుకున్నారు." ఆమె గొంతులో ఉక్రోషం దాగలేదు. "ఇదొక్కటే కాదు."

అతను తలెత్తాడు. "మెట్ల మీద అడిగినప్పుడు మీరేమీ అనలేదుగా?"

"మర్నాడు రెండు లంచ్ బాక్సులు తేలేదా? ఒకటి మీ ముందు పెడితే, ఆకలి లేదని లేచిపోయారు!"

"అది జవాబా! ఎవరో రాకపోతే మిగిలిందేమో అనుకున్నానండీ."

"పొద్దున్నే లేచి నేను వండాను. అలాంటిది మా ఇంట్లో ఎప్పుడైనా జరిగిందేమో అమ్మనడగండి."

"నేను కాస్త మందమతినండీ," అన్నాడతను, చెవులు ఎర్రబడుతుంటే. "బాక్సు మూత తీసి అర్థం చేసుకోలేను. నాకు మాటల్లో చెప్పాలి. మీకిష్టమేనా?"

నిజమేగా, అనుకుంది ఆమె. ఎక్కడ చూడాలో చెప్పకుండా, చూడలేదని నెల రోజులుగా అలిగి కూర్చుంది తను.

"ఇష్టమే," అంది. "రేపు సంతకం పెట్టకండి."

"పెట్టను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది. గుమ్మం పక్క నుంచి అమ్మ కొంగు, దాని పైన నాయనమ్మ కళ్ళజోడు కనిపిస్తున్నాయి. నాన్న చేతిలో పేపరు తలకిందులుగా ఉంది.

ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"అమ్మా, నాన్నా, నాయనమ్మా... ఈయన బదిలీ మానుకున్నారు. మేం పెళ్ళి చేసుకుంటాం."