ఖాళీ అని రాసి ఉన్న డ్రైవ్

తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక యువతి తెగిన చెప్పు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. వీధి చివర కోట్లు కుట్టే దుకాణంవారి చిన్నకోడలు ఆమె.

"సాయంత్రానికల్లా మమ్మల్ని వేరుపొమ్మంటారండీ. పొమ్మంటే పోతాం. దొంగ అనిపించుకుని మాత్రం ఆ గడప దాటలేను," అంది.

వీధిలో అందరూ సూదికళ్ళావిడ అని పిలుచుకునే డిటెక్టివ్ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆవిడ ఆడపడుచు, టైపిస్టుగా రిటైరైన మనిషి, నోటుబుక్కు తెరిచింది. వదిన చేపట్టిన ఏ కేసైనా తేలిపోయినట్టేనని ఆమె నమ్మకం. అందుకే పేజీ అడుగున ‘పరిష్కారం’ అని ముందే రాసి, కింద రెండు వరుసలు వదిలిపెట్టింది.

చిన్నకోడలు చెప్పింది ఇదీ. మామగారు నలభై ఏళ్ళుగా కోట్లు కత్తిరిస్తున్న మాస్టరు. ఆయన గీసిన రెండువేల పైచిలుకు నమూనాలను ఆమె రెండేళ్ళు కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. డిస్కును డ్రైవ్‌లుగా విడదీసి, ఒక్కోదానికి ఒక అక్షరం, ఒక పేరు పెట్టింది. డి డ్రైవ్ పేరు ‘నమూనాలు’. ముందుముందు అవసరానికని వదిలిన ఎఫ్ డ్రైవ్ పేరు ‘ఖాళీ’.

సోమవారం పొద్దున తెరిస్తే ‘నమూనాలు’లో ఒక్క గీత లేదు. పక్కవీధి కోట్ల దుకాణంలో ఆమె అన్న పనిచేస్తున్నాడు. బావగారికి ఆ ఒక్క ముక్క చాలింది. ఆమెను కంప్యూటర్ ముట్టుకోనివ్వకుండా గదికి తాళం వేసి, తాళంచెవి తండ్రికిచ్చాడు. గురువారం సాయంత్రం ఏదో ఒకటి తేలుస్తానన్నాడు. ఆ గురువారం ఈవేళే.

"మీ మామగారేమన్నారు?"

"పోయినవి పోయాయి, మెకానిక్కులనెవర్నీ పిలవొద్దు, నేనుండగా కత్తెర ఆగదన్నారు. అన్నట్టే మంగళవారం బ్యాండువాళ్ళ కోటు జ్ఞాపకం మీదే కత్తిరించారు. అందరూ ముక్కు మీద వేలేసుకున్నారండీ."

సూదికళ్ళావిడ లేచి చెప్పులేసుకుంది.

దుకాణం ముందుభాగంలో పెద్దకొడుకు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చేతులకు నలుసు కూడా అంటని ఉద్యోగం. కత్తిరింపు గదిలోకి తాను అడుగే పెట్టనని, కొలతలు రాసుకోవడం, కొనేవాళ్ళతో మాట్లాడటం వరకే తన పనని చెప్పాడు. ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీరెలా పడతారండీ?"

"ఆయనకి తీరిక ఉండదు నాయనా. నాకుంది."

ఆడపడుచు నవ్వు ఆపుకోవడానికి పెన్ను మూత కొరికింది.

కత్తిరింపు గదిలో మాస్టరు బల్ల ముందు నిలబడి బూడిదరంగు గుడ్డ మీద నీలం సుద్దతో జేబు గుర్తు పెడుతున్నాడు. గీత మధ్యలో చిన్నగా వణికింది. ఆయన దాన్ని అరచేత్తో తుడిచి మళ్ళీ గీశాడు. పక్కన బొమ్మకు తొడిగిన బ్యాండు కోటు చంక వంపు మాత్రం ఒక్క పెట్టున తిరిగినంత నున్నగా ఉంది.

పెద్ద ప్రింటర్ మీద తీసిన నమూనా కాగితాలు గోడ మేకులకు గుత్తులుగా వేలాడుతున్నాయి. ప్రతి కాగితం అడుగున, అది ఏ డ్రైవ్‌లోంచి వచ్చిందో చెప్పే సన్నటి అచ్చు వరుస ఉంది. వాటి మొదటి అక్షరాలు చదవమని ఆవిడ ఆడపడుచుకు పురమాయించింది. ఆడపడుచు కళ్ళజోడు సవరించుకుని డి, డి, డి అంటూ గోడ పొడవునా నడిచింది. బ్యాండు కోటు గుత్తి దగ్గర చాలా కాగితాలకు అడుగంచు కత్తిరించేసి ఉంది. కోటు చేతిభాగం గీసిన కాగితం ఒక్కటే అంచు తెగకుండా మిగిలింది. దాని మీద ఎఫ్ అని ఉంది.

తరవాత మాస్టరు తాళం తీసి కంప్యూటర్ గది చూపించాడు. బల్ల మీద చిన్నకోడలు ఇంట్లోవాళ్ళ కోసం గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టిన నోటుబుక్కుంది. ‘డ్రైవ్ పేరు, అక్షరం మార్చడం’ అన్న పేజీ చివర నీలం సుద్ద మరక. సూదికళ్ళావిడ కంప్యూటర్ ముట్టుకోకుండానే అందరినీ లోపలికి పిలవమంది.

నలుగురూ వచ్చి నిలబడ్డారు. మాస్టరు, ఇద్దరు కొడుకులు, చిన్నకోడలు. చిన్నకొడుకు భార్య పక్కన తలొంచుకుని ఉన్నాడు.

"ఇక్కడ దొంగతనం జరగలేదు," అంది సూదికళ్ళావిడ. "డబ్బా మీద పేరు మారిస్తే లోపలి సరుకు మారదు. ఎవరో ఈ పుస్తకం చూసి రెండు డ్రైవ్‌ల పేర్లూ అక్షరాలూ తారుమారు చేశారు. ఖాళీది ‘నమూనాలు’ అయింది, నమూనాలున్నది ‘ఖాళీ’ అయింది. ఖాళీ అని రాసి ఉన్న డబ్బా మూత ఎవరు తీస్తారు?"

ఆవిడ ఎఫ్ డ్రైవ్ తెరిచింది. తెరంతా నమూనాలు వరసగా పరుచుకున్నాయి. చిన్నకోడలు చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మరి ఎవరు?" అన్నాడు పెద్దకొడుకు, గొంతు తగ్గించి.

"సోమవారం నుంచీ ఈ గది తాళంచెవి ఎవరి దగ్గరుంది? సుద్ద పట్టుకునే చెయ్యి ఎవరిది? ఎఫ్‌లోంచి ప్రింటు తీసిన కాగితంతో కత్తిరించి, జ్ఞాపకం మీద కత్తిరించానన్నదెవరు?"

ఎవరూ ఆయన వైపు చూడలేదు. మాస్టరే మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏడాదిగా నా చేతిలో గీత నిలవడం లేదు," అన్నాడు. "అన్నీ అందులోకి ఎక్కాక ఇక నేనెందుకనిపించింది. నాలుగు రోజులు అవి కనబడకపోతే నన్ను అడుగుతారనుకున్నాను. అడిగారు. కానీ కోటు పాడుచెయ్యడానికి మనసొప్పలేదు. పొద్దున్నే వచ్చి ప్రింటు తీశాను. నింద ఈ పిల్ల మీదికి పోతుందనుకోలేదు."

"ఆమె మీదికి పోయాక కూడా నాలుగు రోజులు నోరు మెదపలేదు," అంది సూదికళ్ళావిడ.

"మెదపలేదు. తప్పు నాదేనమ్మా."

ఆ చివరి మాట ఆయన కోడలి వైపు తిరిగి అన్నాడు. పెద్దకొడుకు తండ్రి చేతిలోని తాళంచెవి తీసుకుని మరదలి ముందు పెట్టాడు.

ఆమె కూర్చుని అక్షరాలు యథాస్థానానికి మార్చింది. పేరు దగ్గర ఆగి కుర్చీ ఖాళీ చేసింది.

"ఇది మీరే పెట్టండి మామయ్యగారూ. ఆ గీతలన్నీ ఎందుకలా తిరిగాయో నాకింకా తెలీదు. మీరు చెప్పాలి."

ఆయన ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ‘మా ఇద్దరివి’ అని కొట్టాడు. ఆడపడుచు వదిలిన రెండు వరుసల్లో ఆ రెండు మాటలే రాసుకుంది.

వదినా ఆడపడుచూ బయలుదేరేసరికి మాస్టరు కిటికీ దగ్గర కూర్చుని, మైనం పట్టించిన దారంతో కోడలి తెగిన చెప్పు కుడుతున్నాడు. కుట్లు వంకరగానే పడుతున్నాయి. ఈసారి ఆయన వాటిని ఎవరి కంటా పడకుండా దాచలేదు.