“ఎక్కడికి?” అని అడిగే గార్డు గది

సింగపూర్ చాంగీ బిజినెస్ పార్కులో, కృష్ణప్రసాద్ వాళ్ళ ఆఫీసు వెనక, బస్టాపుకి పోయే పైకప్పున్న నడవ ఒకటుంది. దాని మధ్యలో ఓ పాత గార్డు గది. బల్బు లేదు, గార్డు లేడు, కిటికీకి అద్దం కూడా లేదు. తెలుగువాళ్ళెవరూ రాత్రిపూట ఆ దారిన నడిచేవారు కాదు. పావుగంట ఎక్కువైనా చుట్టూ తిరిగే పోయేవారు.

ఎందుకంటే... ఆ చీకట్లోంచి ఎవరో అడుగుతారట. అదీ తెలుగులో.

“ఎక్కడికి?”

అంతే. ఒక్క మాట.

ప్రయాణం పెట్టుకున్న మనిషిని ఎక్కడికని అడిగితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? దూరమా అనాలి, లేదంటే నోరు మూసుకోవాలి. ఆ గదికి ఈ మర్యాదలేం పట్టేవి కావు. ఆఫీసులో రామారావుని అడిగింది — అతని లండన్ ప్రయాణం ఆగిపోయింది. లోహిత్‌ని అడిగింది — అతని స్టాక్‌హోమ్ ఛాన్సు చేజారింది. వై2కే గండం గడిచి, పక్క సీటువాడల్లా ఆన్‌సైట్ అంటూ క్లయింటు దేశానికి ఎగిరిపోతున్న రోజులవి. రక్తం తాగే దెయ్యమైతే ఎలాగో సర్దుకునేవాళ్ళు గానీ, ఆన్‌సైట్ మింగే దెయ్యాన్ని ఎవరు భరిస్తారు!

నాలుగేళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూశాక కృష్ణప్రసాద్‌కి వంతొచ్చింది. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ అనే రేవు పట్నం. వీసాలన్నీ చేతికొచ్చాయి. ఏ దారిన వెళ్తాడో మాత్రం మర్నాడు పొద్దున పదింటిలోగా చెప్పాలన్నాడు మేనేజరు. చెప్పకపోతే, పెట్టె సర్దుకుని కాచుక్కూర్చున్న లోహిత్ వెళ్తాడు.

దారులు మూడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి ఇంకో విమానం ఎక్కడం ఒకటి — అందులో సీట్లు లేవు, వెయిటింగ్ లిస్టు. కోపెన్‌హేగన్‌లో దిగి, సముద్రం మీద కొత్తగా కట్టిన వంతెన దాటే రైలు రెండోది. దాని పేరెత్తగానే భార్య కల్పన, “నీళ్ళ మీద రైలేంటండీ!” అని నెత్తిన చెయ్యి పెట్టించుకుని ఎక్కనని ఒట్టేయించుకుంది. ఇక మూడోది, జర్మనీలో కీల్ అనే రేవు నుంచి ఓడ. సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి గోథెన్‌బర్గ్ నడిబొడ్డున దించుతుంది. బానే ఉంది... కానీ బాతం దీవికి వెళ్ళే ముప్పావుగంట ఫెర్రీలోనే కృష్ణప్రసాద్ ఆరుసార్లు కక్కుకున్నాడు. రాత్రంతా ఓడంటే మనిషి మిగులుతాడా?

ఆ రాత్రి స్వీడన్ వాళ్ళతో ఫోన్ మీటింగ్ పదిన్నరకి ముగిసింది. బయట కుండపోత. ఆఖరి బస్సుకి పది నిమిషాలే ఉంది. చుట్టూ తిరిగి పోతే బస్సు దొరకదు, పైగా సంచిలో పాస్‌పోర్టు నాని ముద్దయిపోతుంది.

నడవ దారే పట్టాడు. ఫోన్లో కల్పనకి “వచ్చేస్తున్నా, తలుపు గడియ తీసి ఉంచు” అని గట్టిగా చెప్పాడు — ధైర్యం కోసం.

అది చైనావాళ్ళ ఏడో నెల, ఆత్మలు తిరిగే నెల. వాటికోసమని ఎవరో గది గోడ వారగా నారింజపళ్ళు పెట్టి, అగరొత్తులు గుచ్చి వెళ్ళారు. ఎర్రటి చుక్కలు మూడు... చీకట్లో మిణుకుమంటున్నాయి.

పదడుగులు... ఐదడుగులు...

“ఎక్కడికి?”

గుసగుస. ఆడగొంతు. ముసలిది.

మిగతావాళ్ళయితే ఇక్కడే లంకించుకున్నారు పరుగు. కృష్ణప్రసాద్ కాకినాడ మనిషి. వాళ్ళమ్మ పొరపాటున ఎక్కడికంటే చాలు, వాళ్ళ నాన్న చెప్పులు విప్పి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరేవాడు. దోషానికి విరుగుడు అదే. అందుకని కృష్ణప్రసాద్... దెయ్యం ఎదురుగానే చెప్పులు విప్పాడు. నేలమీద చతికిలబడ్డాడు. సంచిలోంచి సీసా తీసి, గటగటా నీళ్ళు తాగాడు. సగం చొక్కా తాగింది.

కిటికీలోంచి ఒక తెల్లటి మొహం నెమ్మదిగా బయటికొచ్చింది... సున్నం కొట్టినట్టున్న మొహం.

“దాహమా బాబూ?”

“ఓడ!” అని అరిచాడు కృష్ణప్రసాద్. “రైలు! విమానం! గోథెన్‌బర్గ్! ఇంకా ఏదీ ఖాయం కాలేదు, నన్నొదిలెయ్!”

“ఉష్... మెల్లగా!” అంది దెయ్యం. “సూపర్‌వైజరు వింటే తిడతాడు.”

సూపర్‌వైజరున్న దెయ్యాన్ని అతను అంతవరకు చూడలేదు.

ఆవిడ పేరు కొండమ్మ. ఆఫీసులు తుడిచే రాత్రి షిఫ్టు. పుట్టింది, పెరిగింది సింగపూర్‌లోనే. మొహానికి రాసుకున్నది బియ్యప్పిండి — చెమటపొక్కులకు చలవని. మధ్యలో పది నిమిషాలు ఆ గదిలో నడుం వాలుస్తుంది.

“మరి... ఎక్కడికని అడుగుతారేంటి ఆంటీ?” ఏడుపొక్కటే తక్కువ అతనికి.

“మలాయ్‌వాళ్ళు మనిషి కనబడగానే పెర్గి మానా అంటారు గదా బాబూ, ఎక్కడికీ అని. అదే ఇక్కడి పలకరింపు. ఎవరైనా ఫోన్లో తెలుగు మాట్లాడుతూ పోతుంటే, మనవాళ్ళేనని ప్రాణం లేచొస్తుంది నాకు. తెలుగులో అడుగుతా. అడిగితే చాలు... ఒకటే పరుగు! మకాన్, అదే తిండి, అయిందా అని అడిగే లోపలే మాయం.”

కృష్ణప్రసాద్‌కి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. రామారావు సంగతీ లోహిత్ సంగతీ అప్పుడు గుర్తొచ్చాయి. భయపడి, మంచిరోజు చూసుకుంటామని వాళ్ళే వారం గడువడిగారు. గడువు దాటాక క్లయింటు ఇంకెవర్నో పిలిపించుకున్నాడు. దెయ్యం పాపం ఏం చేసింది?

“మనలో ఎక్కడికి అనకూడదు ఆంటీ. దూరమా అనాలి.”

“అట్లాగా? మా అవ్వ చెప్పలేదే!” కొండమ్మ దూరమా, దూరమా అని నాలుగుసార్లు అనుకుంది. తర్వాత అతని మూడు దారులూ శ్రద్ధగా విని తేల్చేసింది. “ఓడే ఎక్కు. మా ఆయన ముప్పై ఏళ్ళు ఓడల్లో వంట చేశాడు. అల్లం ముక్క ఉప్పులో అద్ది బుగ్గన పెట్టుకో. ఏమీ కాదు. నేనిక్కడ పడుకుంటానని మాత్రం ఎవరికీ చెప్పకు బాబూ, పని పోతుంది.”

మర్నాడు తొమ్మిదింటికే కృష్ణప్రసాద్ ఓడ అని రాసిచ్చాడు. ఒక్కసారి కూడా కక్కుకోకుండా గోథెన్‌బర్గ్ రేవులో దిగాడు.

దిగిన నాలుగో రోజున లోహిత్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది.

“ఒరేయ్, నిన్న రాత్రి బస్సు కోసం ఆ గది ముందునుంచే పోవాల్సొచ్చింది. ఇదివరకు ఎక్కడికి అని మాత్రమే అడిగేది. ఇప్పుడు ‘దూరమా?’ అంటోందిరా! నువ్వెక్కడున్నావో దానికి తెలిసిపోయింది. ఎంత దూరమో కనుక్కుంటోంది. నీ దగ్గరికే బయల్దేరుతోందేమో... జాగ్రత్త!”

కృష్ణప్రసాద్ చాలాసేపు నవ్వుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్న కొండమ్మ మాట గుర్తు చేసుకుని, ఒక్క ముక్క జవాబు రాశాడు.

“వస్తే ఓడలోనే రమ్మను. అల్లం మర్చిపోవద్దని చెప్పు.”