కుంటి కుర్చీ పాట

"తిరగేసి తినండి, ఉప్పు వైపు నాలుకకు తగలాలి" అని రొట్టెల దుకాణం నడిపే నీవెస్ చెప్పేలోగానే, కొనడానికొచ్చిన పెద్దమనిషి ఫొకాచ్చా రొట్టె ముక్కను తిరగేశాడు. ఇటలీలో ఈ జెనోవా రేవు ఊళ్లో పెరిగినవాళ్లకే ఉంటుంది ఆ అలవాటు. నీవెస్ తలెత్తి చూసింది. జుట్టు నెరిసింది. ఎడమ కనుబొమ మీది గాటు మాత్రం అలాగే ఉంది.

తుల్లియో. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత.

"గాయకులవారు దారి తప్పారా? ఏ గోడ మీద చూసినా మీ బొమ్మే. సాయంత్రం మీ ఆఖరి కచేరీ అట కదా."

"నువ్వొస్తావేమో అడుగుదామనొచ్చాను."

"ఎవరి పాటలు వినడానికి? మీవా, ఇంకొకరివా?"

బయట రేవు మీద సన్నగా వాన మొదలైంది.

తుల్లియో తన ఇరవై రెండో ఏట, ఈ దుకాణం వెనుక వంటింట్లో, ఒక కాలు పొట్టిదైన కుర్చీలో ఊగుతూ గిటార్ వాయించేవాడు. ఆ కుర్చీ గురించే ఒక పాట కట్టి "ఇది నీది" అన్నాడు. నీవెస్ వీధంతా చెప్పుకుంది. తీరా రికార్డు వచ్చాక చూస్తే, పాట కింద రచయిత పేరు ఎవరో తస్సారా అని ఉంది. "మా వంటింటి కుర్చీ మీద పాటను పరాయివాడి చేత రాయించావా?" అని నిలదీసింది. తుల్లియో నోరు విప్పలేదు. మరునాడే మిలాన్ రైలెక్కాడు. ఆ తర్వాత పాటల పోటీలు, ఊరూరా కచేరీలు, పదిహేను రికార్డులు. అన్నిటినీ ఆమె రేడియోలో వింటూనే రొట్టెలు కాల్చింది. ఆ పాటను మాత్రం అతను ఏ వేదిక మీదా పాడలేదు.

"అప్పట్లో పాట మన పేరు మీద నమోదు కావాలంటే రచయితల సంఘం పరీక్ష పాసవ్వాలి" అన్నాడు తుల్లియో, ఇప్పుడు. "పాసవనివాళ్లు పాసైనవాడి పేరు పెట్టించుకునేవాళ్లు. తస్సారా పాసయ్యాడు."

"నువ్వు?"

"ఫెయిలయ్యాను. రెండుసార్లు."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా!"

"బళ్లో ఎప్పుడూ నువ్వే ఫస్టు. దొంగ అనుకున్నా ఫర్వాలేదనిపించింది. మొద్దు అంటావేమోనని భయపడ్డాను."

నీవెస్ నవ్వు ఆపుకోబోయింది, కుదరలేదు. పిండి చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

"మొద్దువే. ముప్ఫై నాలుగేళ్ల మొద్దువి."

"వేలికి ఉంగరం లేదేం?"

"పిండిలో పడిపోయింది."

"నిజంగా?"

"పెట్టుకుంటేగా పడిపోవడానికి!"

"నాదీ అంతే" అన్నాడతను. "సాయంత్రం ఆ పాట పాడాలని ఉంది నీవెస్. నువ్వు లేకుండా పాడలేను."

ఆమె వంటింటి తెర పక్కకు తీసింది. కిటికీ పక్కన ఆ కుర్చీ ఒరిగి ఉంది.

"బాగు చేయించలేదా?"

"చేయిస్తే నీ పాట అబద్ధమైపోదూ? కూర్చో. ముందిక్కడ పాడు. ఒక్క మాట మర్చిపోయినా సాయంత్రం రాను."

తుల్లియో కూర్చున్నాడు. కుర్చీ టక్కుమని ఒక పక్కకు ఒరిగింది. పాట ఎప్పుడూ ఆ చప్పుడుతోనే మొదలయ్యేది.