సగం ముద్ద

పొద్దున ఏడింటికల్లా రాయచెర్లులో సోలార్ పార్కు ఆటో బయల్దేరిపోతుంది. ప్యానెళ్లు తుడిచే ఆడవాళ్ల కోసం అది నిమిషం ఆగదు. అందుకే అర్పితకు తెల్లవారితే ఉరుకులూ పరుగులే. పదకొండేళ్ల కూతురు ధనుశ్రీకి వేలు గుచ్చి షుగరు చూడటం, సూది వేయడం ఆమె పని. రాగి ముద్ద చేసి పెట్టడం అత్త అంజినమ్మ పని. గిన్నెడు పిండితో చేసిన ముద్దలో పిండిపదార్థం యాభై గ్రాములు, దానికి ఐదు యూనిట్ల ఇన్సులిన్ అని తుమకూరులో నర్సు నేర్పిన లెక్క అర్పితకు కంఠతా వచ్చు. ఆ రోజు కూడా ఐదు యూనిట్లు వేసి వెళ్లిపోయింది.

పది గంటలకు బడి నుంచి ఫోనొచ్చింది. ప్రార్థనలో నిలబడ్డ పిల్ల చెమటలు పట్టి కూలిపోయిందట. అర్పిత పావగడ ఆసుపత్రికి చేరేసరికి ధనుశ్రీకి గ్లూకోజ్ ఎక్కుతోంది. షుగరు ముప్పై ఎనిమిదికి పడిపోయిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదనీ డాక్టరు చెప్పాడు. పొద్దున ఎంత తిన్నావని అడిగితే పిల్ల తల్లి వంక భయంగా చూసింది. అవ్వ సగం ముద్దే పెట్టిందట, అమ్మకు చెప్పొద్దందట.

సాయంత్రం పిల్లను నర్సులకు అప్పగించి, బట్టల కోసం ఇంటికొచ్చి చూస్తే మిగతా సగం బర్రె కుడితిలో నానుతోంది. అర్పిత ఒళ్లు మండిపోయింది.

"నా బిడ్డను కడుపు మాడ్చి సంపాలనుకుంటివా అత్తా?"

అంజినమ్మ గోడకు చేరగిలబడింది.

"మీ మామకు షుగరొచ్చినప్పుడు, రాగుల్లో చక్కెర ఉండదని ఊరంతా చెప్తే నమ్మినా. పూటకు రెండు ముద్దలు పెట్టినా. కాలు తీసేసినారు, ఆర్నెల్లకు మనిషే పోయినాడు. మొన్న నువ్వే అంటివి గదమ్మా, ముద్దలో చక్కెరయ్యేది యాభై గ్రాములు ఉండాదని. ఆ మాట ఇన్నప్పట్నుంచి మీ మామ కాలే కండ్లల్లో కనపడతాండాది. తగ్గిస్తే ఈ బిడ్డన్నా బతుకుతాదనుకుంటి."

అర్పితకు అప్పుడు తట్టింది. అంకె చెప్పింది తనే. సూదికీ ముద్దకూ ఉన్న లంకె మాత్రం చెప్పలేదు. సంతకం కూడా రాని మనిషికి ఇదంతా ఎందుకులే అనుకుంది. ఆ చిన్నచూపే ఇవాళ కూతురి ప్రాణం మీదికి తెచ్చింది. సిగ్గుతో, దుఃఖంతో అత్త పక్కన కూలబడింది.

"తప్పు నాదే అత్తా. సూది ఏసినాక ముద్ద తక్కువైతే ఆ మందు బిడ్డనే తింటాది. ఈ మాట నీకు నేను ముందే చెప్పాల్సుండె."

అంజినమ్మ నెత్తి కొట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

రెండో రోజు పిల్ల ఇంటికొచ్చింది. అర్పిత పనికి పోలేదు. అత్తకు పిండి కొలవడం చూపించింది. అంజినమ్మ నిండు ముద్ద చేసి, పప్పులో అద్ది, మనవరాలి నోటి దగ్గర పెట్టింది. ధనుశ్రీ నోరు తెరవలేదు. ముందు తల్లి వంక చూసింది. అర్పిత తలూపాకే ఆ చేతి కూడు మింగింది. అంజినమ్మ అది చూసింది. కళ్లు తుడుచుకోకుండానే ఇంకో కడి తుంచింది.