తీతు తాత వెలుగు వైద్యం

“మా తాత కళ్ళు చూపించుకోడానికి వచ్చినాడా, మీ క్లినిక్ గోడలు కాపలా కాయడానికి వచ్చినాడా?”

కోల్‌కతా అవతలి రైల్వే ఊళ్ళో, పూరీ గేట్ దగ్గరి కంటి క్లినిక్‌లో పనిచేసే జెనీ, హెన్రీ నోటి నుంచి విన్న మొదటి మాట అది. బయట కుండపోత. మనిషి నెత్తి నుంచి చెప్పుల దాకా తడిసిపోయాడు. పక్కనున్న ముసలాయన మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు. గొడుగు మొత్తం ఆయనకే పట్టినట్టున్నాడు. అంత చిరాకులోనూ జెనీ అది గమనించింది. గమనించకుండా ఉంటే ఈ కథే లేదు.

“డాక్టర్ దీదీ ఆపరేషన్‌లో ఉన్నారు. అరవడానికి మా దగ్గర ఫీజు లేదు, కూర్చుని అరవండి,” అంది.

హెన్రీ తెల్లబోయాడు. “మీరు తెలుగువాళ్ళా?”

“కాదు, జపాను. మన ఊళ్ళో ఖరిదా పేట పక్కన ఉంది కదా, ఆ జపాను.”

ముసలాయన పకపకా నవ్వాడు. “ఓరి హెన్రీ, ఇన్నాళ్ళకి నీ నోరు మూయించే పిల్ల దొరికిందిరా!”

ఆయన పేరు తీతు. రైలింజను డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. తల్లీతండ్రీ లేని మనవణ్ణి అదే ఊళ్ళో సుభాష్‌పల్లి ఇంట్లో తనే పెంచాడు. హెన్రీకి రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం. ఏ సంబంధం వచ్చినా “నేను పెళ్ళి చేసుకుంటే తాతను ఎవరు చూస్తారు?” అని తిప్పి పంపడం అతనికి రెండో ఉద్యోగం. చర్చిలో ఆడవాళ్ళు అడగడం మానేశారు. తాత మాత్రం మానలేదు.

తాతది వయసుతో వచ్చే మాక్యులా జబ్బు. చూపుకు సరిగ్గా మధ్య భాగం మెల్లగా అరిగిపోతుంది. కుడి కన్ను ఎప్పుడో పాడైంది. ఎడమ కంట్లో ఇంకా లోపల నీరు చేరని పొడి రకమే కాబట్టి లైట్ థెరపీ చేసి చూద్దామని డాక్టర్ అంది. ఆ మెషీన్ నడిపేది జెనీ.

“గడ్డం ఇక్కడ ఆనించండి తాతా. పసుపు లైటు, ఎర్ర లైటు, కంటికి కనబడని ఇంకో లైటు వస్తాయి. నొప్పి ఉండదు. పోయిన చూపు తెచ్చిస్తామని మాటివ్వలేం, ఉన్నది నిలబడితే చాలు.”

“ఎరుపు సూస్తే బండి ఆపడమే నాకు తెలుసు. ఈ పిల్ల ఎరుపు సూపించి నడిపిస్తానంటాదేటి!”

జెనీ నవ్వి, గళ్ళగళ్ళ కాగితం ఒకటి చేతిలో పెట్టింది. “రోజూ ఒక కన్ను మూసి దీన్ని చూడాలి. గీతలు వంకరగా కనిపిస్తే ఆ రోజే మాకు చెప్పాలి. అంటే లోపల నీరు కారుతున్నట్టు. అప్పుడు ఈ లైట్ ఆపేసి, వెంటనే కోల్‌కతా పంపి ఇంజెక్షన్ వేయించాలి. లేటైతే చూపు పోతుంది తాతా, మళ్ళీ రాదు.”

“ఠీక్ హై,” అన్నాడు తాత.

వారానికి మూడు రోజులు ట్రీట్‌మెంట్. హెన్రీ డ్యూటీలు మార్చుకుని మరీ తాతను తెచ్చేవాడు. మొదటివారం “మేడమ్” అన్నాడు. రెండోవారం “జెనీగారూ” అయింది. మూడోవారం ఆ “గారు” వానలో కొట్టుకుపోయింది.

“కోర్సు అయిపోయాక ఏటి సాకు చెప్పి రావాలి నేను?”

“నీ కళ్ళు చూపించుకో.”

“నా కళ్ళకేటి రోగం?”

“వచ్చినప్పటి నుంచీ ఒక్క వైపే చూస్తున్నాయి. డాక్టర్ దీదీ కూడా కనిపెట్టేసింది.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవుల కోసమే ఆమె అలాంటి మాటలు వెతుక్కుని అనేది.

మెషీన్ ముందు కూర్చోబెట్టే ముందు తాత చేత గోడ మీది బోర్డు చదివించాలి. మొదట్లో పై వరసలే చదివాడు. పోనుపోను కింది వరసలూ చదివేశాడు. జెనీకి కాళ్ళు నేల మీద నిలవలేదు. హెన్రీ అయితే “నీ చేతి చలవే!” అని అందరి ముందూ అనేశాడు. ఆ సాయంత్రం వానలో జెనీని ఖరిదా దాకా దిగబెట్టాడు. వాళ్ళ సందు మొదట్లో ఆగి, “నువ్వంటే నాకు ఇష్టం జెనీ. తాత కూడా బాగైపోతున్నాడు. ఇంక నాకు భయమేటి?” అన్నాడు. ఆమె సంతోషంతో చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోనే ఇంటికి పరిగెత్తింది.

నిజానికి ప్రతిసారీ బోర్డు మార్చాలి. రెండో బోర్డు అల్మారాలోనే ఉంది. మార్చాలంటే లేవాలి. లేస్తే హెన్రీ చెప్తున్న కబురు మధ్యలో తెగిపోతుంది. జెనీ లేవలేదు.

కోర్సు చివర స్కాన్ తీశారు. డాక్టర్ చాలాసేపు తెర వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత జెనీ చెవిలో నెమ్మదిగా, “ఆ బోర్డు మార్చి చదివించు,” అంది.

జెనీ రెండో బోర్డు తగిలించింది. తాత నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, పై వరస నుంచి అడుగు వరస దాకా గడగడా చదివాడు. ఒక్క అక్షరం తడబడలేదు. అన్నీ పాత బోర్డులోవే.

జెనీ బోర్డు దించిన చప్పుడైంది. తాతకు అర్థమైంది.

“మార్చేసినావేటమ్మా?”

“ఎందుకిలా చేశారు తాతా?” అంది జెనీ.

“మా డ్రైవర్లకి ఇది అలవాటేనమ్మా. రైల్వే మెడికల్‌కి ముందెల్లినోడు బైటికొచ్చి బోర్డు అంతా సెప్పేసీవోడు, మేం బట్టీ కొట్టీసీవోళ్ళం. ఇక్కడ బెంచీ మీద కూకుంటే ముందున్నోళ్ళు సదివింది ఇనబడతాది కదా.” జేబులోంచి గళ్ళ కాగితం తీశాడు. “గీతలు వంకరైనాయి, నిజమే. సెప్తే లైటు ఆపీసి నన్ను కలకత్తా పంపించీసీవోళ్ళు. ఈడు మళ్ళీ ఇక్కడికి ఎందుకొస్తాడు? నా మనవడు నవ్వగా ఇన్నాళ్ళకి విన్నాను. ఇంకో నాలుగు రోజులు నవ్వనీ అనుకున్నాను. కన్ను అంతలోనే పోతాదనుకోలేదు.”

కోల్‌కతాలో ఇంజెక్షన్లు వేశారు. నీరు ఆగింది. అప్పటికే మచ్చ కట్టేసింది. మంచి కన్ను కూడా మధ్యలో నల్లబడిపోయింది.

అక్కడి ఆసుపత్రి వరండాలో హెన్రీ, వెంట వచ్చిన జెనీని ఒక్కటే అడిగాడు. “తాత అబద్ధమాడినాడు. నువ్వు చూడాలి కదా? చూడ్డమే కదా నీ పని?”

“నీ కబుర్లు వింటూ కూర్చున్నాను,” అంది జెనీ. అంతకంటే నిజం ఆమె దగ్గర లేదు.

“అయితే ఇద్దరం కలిసే పోగొట్టినాం,” అని లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత ఫోన్ లేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. క్లినిక్ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ తలెత్తి చూసి, జెనీ తన మీద తనే మండిపడేది.

వానలు వెనకబట్టాక తాత దగ్గర్నుంచి కబురొచ్చింది. జెనీ సుభాష్‌పల్లి వెళ్ళింది. తాత కుర్చీలో ఉన్నాడు. హెన్రీ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె రాగానే ముఖం కిటికీ బయటికి తిప్పుకున్నాడు.

“జెనీయేనా? రా అమ్మా, కూకో. ఈడు నీతో మాటాడ్డం లేదంట కదా? నా కాడ సెప్పడు గానీ నాకు తెలుస్తాది.” తాత చెయ్యి గాలిలో వెతికి ఆమె చేతిని పట్టుకుంది. “నా కన్ను పోయింది, పోనీ. దాన్ని నేనే ఇచ్చుకున్నాను. మీ పెళ్ళి కూడా పోతే, నేను ఊరికే గుడ్డోణ్ణయిపోయినట్టు కాదేటమ్మా? వచ్చే నెల పాస్టరుగార్ని పిలిచి ప్రధానం పెట్టీసుకుందారి. ఏరా, ఇష్టమేనా?”

“ఇష్టమే తాతా,” అన్నాడు హెన్రీ. గొంతు ఎంత హుషారుగా ఉందంటే, చూడకుండా వింటే ఎవరైనా నమ్ముతారు. జెనీ చూస్తోంది. దవడలు బిగుసుకుపోయి, మెడ మీద నరం ఉబికి ఉంది. అతను ఒప్పుకున్నది తాత కోసం, జెనీ కోసం కాదు.

ఒక్కసారి ఇటు తిరుగు, అనుకుంది. కోపంగానైనా సరే చూడు. నువ్వు చూస్తే, వద్దని నేనే చెప్పేస్తాను. ఈ బరువు నీ మీద ఉండనివ్వను.

అతను తిరగలేదు.

“నువ్వు సెప్పమ్మా,” అన్నాడు తాత. ఆ ముఖంలో ఆశ చూశాక వద్దనడానికి జెనీకి నోరు రాలేదు. పైగా ఆమెకు నిజంగానే ఇష్టం. ఈ ఇంట్లో నిజంగా ఇష్టం చెప్పబోతున్నది తనొక్కతే.

“నాకూ ఇష్టమే తాతా.”

తాత ఇద్దర్నీ దగ్గరికి పిలుచుకుని, హెన్రీ చెయ్యి తీసి ఆమె చేతిలో పెట్టాడు. తల వంచి చాలాసేపు ప్రార్థన చేశాడు. హెన్రీ చెయ్యి ఆమె చేతిలో ఉంది గానీ ఆమె చేతిని పట్టుకోలేదు.

“ఆమెన్,” అని తాత తలెత్తాడు. “ఇద్దరూ నవ్వుతున్నారా?”

“నవ్వుతున్నాం తాతా,” అన్నాడు హెన్రీ, కిటికీలోంచి బయటికి చూస్తూ.