ఆడితేనే హాజరు

సుంకులమ్మ మొగుడు దేవేంద్రప్పకు వంటింట్లో ఉప్పుజాడీ ఎక్కడుంటుందో ఇరవై రెండేళ్ళ కాపురంలో తెలియలేదు. అమెరికాలో ఏ ఊరి మిల్లువాళ్ళు ఏ ఆటగాడికి ఎంతిచ్చి ఫుట్‌బాలు ఆడిస్తారో మాత్రం పళ్ళు తోముకుంటూ కూడా చెప్పగలడు. అడక్కపోయినా చెప్తాడు. ఆ ఆదివారం పొద్దున వేపపుల్ల నోట్లో పెట్టుకుని, పెరట్లో నిలబడి అదే చెప్తున్నాడు. వినేవాళ్ళు ఇద్దరు: సుంకులమ్మ, గేదె. గేదె కాస్త శ్రద్ధగా వింటున్నట్టుంది.

"ఇనుము చేసే మిల్లంట సుంకులూ! ఆటగాళ్ళని స్కాట్లాండు నుంచి ఓడల్లో తెప్పించుకునిరంట. పేరుకు మిల్లులో పని. అసలు పని ఆట. వేలమంది టిక్కెట్టు కొనుక్కోని చూస్తాండిరంట."

"నేను పాలు పిండుతాండా. దాన్ని బెదరగొట్టద్దు" అంది సుంకులమ్మ.

దేవేంద్రప్ప కర్నూలు ఊరి బయట పత్తిమిల్లులో పెద్ద గుమాస్తా. నెలకోసారి రక్తపోటు చూపించుకోవడానికి మిషను ఆసుపత్రికి పోతాడు. అక్కడి డాక్టరు దొరది అమెరికా. దొర దగ్గరి పాత పత్రికలు ఒక్కొక్కటే ఈ ఇంటికి చేరి, బియ్యపుడబ్బా మీద దొంతరగా పేరుకున్నాయి. రక్తపోటు తగ్గింది లేదు గానీ జ్ఞానం పెరిగింది.

ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలుకు వచ్చి రెండేళ్ళు కావస్తోంది. గుడారాల్లో ఆఫీసులు వెలిశాయి. ఆ గుడారాల్లో కూచునే పెద్దలకు ఆదివారం సాయంత్రం చూసేందుకు ఏదో ఒకటి కావాలి. మిల్లు సావుకారు అది కనిపెట్టి ఫుట్‌బాలు టీము పెట్టాడు. టీముకు కార్యదర్శి దేవేంద్రప్ప. అమెరికాలో చేసినట్టే చేశాడు. పదకొండుమందినీ మిల్లు హాజరుపట్టీలోకి ఎక్కించాడు. గేటు కావలి అని ఒకడు, పత్తిబేళ్ళ లెక్క అని ఒకడు. తన ఒక్కగానొక్క కొడుకు మద్దిలేటిని కాటా గుమాస్తా అని రాసుకున్నాడు. వాడికి కాటా ఎటు మొగ్గితే బరువో తెలియదు. కానీ వాడి ఎడమకాలితో తన్నిన బంతి ఎటు పోతుందో ఎదుటి టీము గోలుకీపరుకు కూడా తెలియదు. ఎస్సెల్సీ పరీక్ష రెండుసార్లు తప్పిన కొడుక్కి నెల నెలా జీతం వస్తుంటే సుంకులమ్మ కూడా అమెరికాను పెద్దగా తిట్టుకోలేదు, వేసవి దాకా.

వేసవిలో గోలుకీపరు బొజ్జన్న భుజం జారింది. రెండు మ్యాచులకు దిగలేకపోయాడు. మూడో మ్యాచినాటికి హాజరుపట్టీలో అతని పేరు పోయి ఇంకొకడి పేరు చేరింది. ఆడితేనే హాజరు, అది మిల్లు రూలు. "నేనేం జేసేది? సావుకారు రూలు" అని దేవేంద్రప్ప బొజ్జన్నకు నచ్చజెప్పి పంపాడు. ఇప్పుడా మనిషి బస్టాండులో ఒంటిచేత్తో మూటలు మోస్తున్నాడు. అప్పటినుంచి మద్దిలేటి ఆటకు పోయినప్పుడల్లా, తిరిగి వచ్చిందాకా సుంకులమ్మకు చేతిలో పని సాగదు. పొయ్యిమీద పప్పు మాడిన ఆదివారాలు ఈమధ్య ఎక్కువయ్యాయి.

ఈ రోజు ఆఖరి మ్యాచి. నాలుగింటికి. బనగానపల్లె నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వస్తున్నారట. మంత్రిగారు కప్పు ఇస్తారట.

సుంకులమ్మ జొన్నరొట్టె, శెనక్కాయల పొడి పళ్ళెంలో వేసి పీట వాల్చింది. "రారా, కూచో."

మద్దిలేటి పళ్ళెం చేతిలోకి తీసుకుని గోడకు ఆనుకుని నిలబడే తినసాగాడు. "టయిము ల్యామ్మా."

"ఏడు గంటలకే టయిము లేదా? నాలుగింటికి గదా ఆట?"

వాడు రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. జవాబు చెప్పకుండా ఉండటానికి రొట్టెకు మించింది లేదు. సుంకులమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. నిన్న కూడా నిలబడే తిన్నాడు. మొన్న అరుగుమీద కాళ్ళు చాపుకుని తిన్నాడు. పుట్టినప్పటినుంచి బాసింపట్టు వేసుకుని కూచుంటే తప్ప మెతుకు మింగని పిల్లోడు.

"మద్దిలేటీ, కూచో."

"చెప్తి గదమ్మా..."

"పీటమీద కూచో. నేను జూస్తా."

వాడు కూచోలేదు. ఆమె లేచి పోయి పంచె మోకాలిపైకి ఎత్తింది. ఎడమ మోకాలి చిప్ప కనపడటం లేదు. దాని చోట ఎర్రగా, నున్నగా, చిన్న ముంతంత వాపు. వేలు పెడితే కాలుతోంది. వాడు పళ్ళు బిగబట్టాడు.

"ఎన్నాళ్ళయ్యింది?"

"బుధవారం. మెల్లగా మాట్లాడమ్మా, నాయన ఇంటాడు."

"మీ నాయనకు తెలీదా?"

"తెలిస్తే ఆడనీడు. ఆడకపోతే పేరు కొట్టేస్తారు. బొజ్జన్నకు జేసినట్ల." వాడు పంచె కిందికి లాక్కున్నాడు. "నాకింకేం వస్తాది చెప్పు? రెండుసార్లు పరీక్ష తప్పినోన్ని."

సుంకులమ్మ పక్కింటికి పరిగెత్తింది. ఆ ఇంటి విశ్వాసమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. ఆమె చర్చికి పోవడానికి తెల్లచీర కట్టుకుంటుంటే, సగం కుచ్చిళ్ళతోనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. విశ్వాసమ్మ మోకాలిని అటూ ఇటూ కదిపింది. మద్దిలేటి 'అమ్మా' అన్న అరుపుకు పెరట్లో ఉన్న దేవేంద్రప్ప నోట్లో వేపపుల్లతోనే లోపలికి వచ్చాడు.

"దీంతో పరిగెత్తినావంటే ఇంక జన్మలో మడవలేవప్పా" అంది విశ్వాసమ్మ. "నా మాట వద్దు. ప్రార్థన అయినాక దొరను పిలుచుకొస్తా."

దేవేంద్రప్ప మోకాలి వంక చూశాడు. ముఖం పాలిపోయింది. అయినా కార్యదర్శి ముందు తేరుకున్నాడు, తండ్రి తర్వాత. "వాపు గదా. ఉప్పుకాపడం పెడితే దిగుతాది. గట్టిగా పట్టీ కట్టుకోని సగం ఆట ఆడినా చాలు. దిగితే హాజరు పడుతాది. ఆ తర్వాత బయటికొచ్చేయచ్చు."

"సగం కాలు పోతే చాలంటావు" అంది సుంకులమ్మ.

"నేను వాని మంచికే చెప్తాండా! మిల్లు రూలు అట్లుండాది. సావుకారు కొడుకని చూడడు, అల్లుడని చూడడు."

"అమెరికాలో కాలు విరిగినోనికి ఏం జేస్తారు? ఆ పుస్తకాల్లో ఉండాదా?"

"అట్లాంటివి రాయరు."

"మరి ఎవురు రాస్తారు? పోయి సావుకారునడుగు. రూలు రాసేటప్పుడు ఆయనకు కాళ్ళుండాయా లేవా అని."

మద్దిలేటి పళ్ళెం కిందపెట్టాడు. తల్లి వంక కాదు, నేల వంక చూస్తూ అన్నాడు. "ఆ రూలు సావుకారుది కాదమ్మా. నాయనే రాసినాడు."

పెరట్లో గేదె కూడా నెమరు ఆపినట్టు తోచింది సుంకులమ్మకు.

"అమెరికాలో ఆడిన మ్యాచికే జీతమని పత్రికలో చూసి రాసిచ్చినాడు. సావుకారు చదువుకోని, 'భలే ఉండాదప్పా' అని సంతకం జేసినాడు. మిల్లులో అందరికీ తెలుసు. బొజ్జన్నకు ఒక్కనికే తెలీదు."

దేవేంద్రప్ప నోట్లోంచి వేపపుల్ల తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు. "టీము నిలబడాల్నంటే క్రమశిక్షణ ఉండాల గదా" అని గొణిగి బయటికి పోయాడు. సుంకులమ్మ వెనక నుంచి ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ఏమీ అనకపోతే ఎంత ప్రమాదమో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

పన్నెండింటికి దొర వచ్చాడు. ఆరడుగుల మనిషి, గడప దగ్గర తల వంచినా నుదురు తగిలించుకుంటాడు. బైబిలు చదివి తెలుగు నేర్చుకున్నాడు కాబట్టి ఆయన మాట్లాడితే ఎవరో ప్రవక్త జ్వరం చూడ్డానికి వచ్చినట్టుంటుంది.

"అమ్మా, ఈ మోకాలిలో ఎముకలను కలుపు కట్టు చినిగియున్నది. ఇతడు ఆరు వారములు పరుండవలెను. నేడు పరుగిడినయెడల ఈ కాలు ఇక ఎన్నటికిని స్వస్థత నొందదు."

దేవేంద్రప్ప స్తంభం పక్కన నిలబడ్డాడు. "దొరా, మీ దేశంలో ఆటగాళ్ళు ఇట్లాంటి దెబ్బలతోనే ఆడతారు గదా? మీ పత్రికలో..."

దొర పట్టీ చుడుతూనే నవ్వాడు. ఆ నవ్వు ముఖమంతా పాకలేదు. "మా దేశమందు ఫుట్‌బాల్ అనగా జనులు చేతితో పట్టుకొని పరుగెత్తు వేరొక ఆటను ఎరుగుదురు. ఈ ఆట పరదేశుల ఆట. నేను పిన్నవాడనై యున్నప్పుడు మా ఊరి మిల్లు ఒక టీమును పెట్టెను. మిక్కిలి గొప్ప టీము. మా అన్న అందులో ఆడెను."

"మీ అన్ననా! ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే?" దేవేంద్రప్ప ఒక అడుగు ముందుకేశాడు. "ఎన్ని గోల్సు కొట్టినాడు?"

"మీరు ఎల్లప్పుడు గోల్సే అడిగితిరి. గనుక నేను గోల్సే చెప్పితిని." దొర ముడి వేశాడు. "ఆడిన దినమున జీతము, ఆడని దినమున లేదు. మా అన్న మోకాలి నొప్పిని దాచి మూడు ఆటలు ఆడెను. పిమ్మట అతనిని తీసివేసిరి. కొన్ని ఏండ్లకు చెడ్డకాలము వచ్చి మిల్లే టీమును మూసివేసెను. నేడు ఆ మైదానమున గోధుమలున్నవి. మా అన్న ఒక దుకాణములో కూర్చుండి చిల్లర ఇచ్చుచున్నాడు. మేడ మెట్లు ఎక్కలేడు."

"అయితే ఆ ఆట ఆడ చచ్చిపోయిందా?" అంది సుంకులమ్మ.

"లేదమ్మా. మరల మొలకెత్తుచున్నది. రేవు పట్టణములలో జర్మనులు, పోర్చుగీసులు, హంగేరివారు తమ సంఘములు పెట్టి ఆదివారములలో ఆడుచున్నారు. బడులలో పిల్లలు నేర్చుకొనుచున్నారు. ఆట పెరుగును. ఆట ఎప్పుడును పెరుగును. ఆటగాని మోకాలు మాత్రము పెరుగదు."

దొర పోయాక ఎవరూ అన్నం ముట్టలేదు. గోడగడియారం రెండు కొట్టింది, రెండున్నర కొట్టింది. దేవేంద్రప్ప అరుగుమీదికి పోతాడు, లోపలికి వస్తాడు. బియ్యపుడబ్బా మీది పత్రిక తీసి పేజీలు తిప్పి మళ్ళీ అక్కడే పెడతాడు. సుంకులమ్మ పొయ్యి అలుకుతోంది. పొద్దున ఒకసారి అలికిన పొయ్యే. లోపలి గదిలో చప్పుడైంది. పోయి చూస్తే, మద్దిలేటి మంచం పట్టెమీద కూచుని బూట్లకు తాళ్ళు కట్టుకుంటున్నాడు.

"ఏం జేస్తాండావురా?"

"పోతాండా. దిగి నిలబడతా. అంతే."

"దొర చెప్పింది ఇనలేదా?"

"ఇంటి. దొర అన్నకు దుకాణమన్నా ఉండాది. నాకేముండాది?"

ఆమెకు వాణ్ణి కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేక తలుపుకు అడ్డంగా నిలబడింది. సరిగ్గా అప్పుడే వీధిలో మోటారుకారు హారను మోగింది. సావుకారు స్వయంగా వచ్చాడు. కారు చుట్టూ జనం మూగారు. వెనక సీట్లో ఆయన పట్టు ఉత్తరీయం మెరుస్తోంది.

"ఏమప్పా దేవేంద్రప్పా! పిల్లోడు యాడ? మంత్రిగారు మూడున్నరకే వస్తాండారంట. బిరీన రమ్మను!"

దేవేంద్రప్ప అరుగు అంచున నిలబడ్డాడు. "వానికి మోకాలు... కొంచెం వాపు సామీ."

"వాపా? ఆడతాడా, ఆడడా?"

దేవేంద్రప్ప లోపలికి చూశాడు. మద్దిలేటి తల్లి చేతిని పక్కకు నెట్టి బయటికి వస్తున్నాడు. నడవలో బాగానే నడిచాడు. నవ్వుమొహం కూడా పెట్టాడు. అరుగు దగ్గర రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు దగ్గర ఆగాడు. స్తంభం పట్టుకుని, పక్కకు తిరిగి, ఎడమకాలు మడవకుండా ముందు దింపి, కుడికాలిని దాని పక్కకు తెచ్చుకున్నాడు. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ దిగినట్టు. పై పెదవిమీద చెమట పట్టింది. ఒక మెట్టు అయ్యింది. ఇంకొకటి ఉంది.

"ఆడతా సామీ" అన్నాడు పైకి చూడకుండా.

దేవేంద్రప్ప కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. "ఆడడు" అన్నాడు.

సావుకారు కారులోంచి మెడ బయటికి పెట్టాడు. "అదేందప్పా? దిగకుంటే పేరు కొట్టెయ్యాల గదా? రూలు నువ్వే రాసిస్తివి."

జనంలో గుసగుస మొదలైంది. సుంకులమ్మ గడప పట్టుకుంది. ఇంకేదో సాకు చెప్తాడనుకుంది. చెప్పి తప్పుకోవడం ఆ మనిషికి బాగా వచ్చు.

"అవును సామీ, నేనే రాసిస్తి." గొంతు మామూలుకంటే పెద్దగా వచ్చింది, వీధి చివరిదాకా వినపడేట్టు. "కొట్టెయ్యాల్నంటే కొట్టెయ్యండి. నా కొడుకును మాత్రం ఈ కాలితో పంపను."

సావుకారు ముఖంలో కోపముందో, లెక్క ఉందో తెలియలేదు. "పదిమందితో ఆడాల్నా నేను, మంత్రి ముందర? రేపు పొద్దున మిల్లుకు రా. మాట్లాడతా" అని కారు పోనిమ్మన్నాడు. దుమ్ము లేచి, జనం మీద వాలి, తగ్గింది.

మద్దిలేటి మెట్టుమీదే కూలబడ్డాడు. మోకాలు మడవలేక కాలు వీధిలోకి చాచాడు. మోచేతిలో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు. దేవేంద్రప్ప వాడి ముందు మట్టిలో కూచుని బూటు తాళ్ళు విప్పసాగాడు. ముడి గట్టిగా పడింది. సుంకులమ్మ వచ్చి పక్కన కూచుంది. రెండో బూటు ఆమె విప్పింది.

"వాపు చూస్తానే వద్దనాల్సింది నేను" అన్నాడు దేవేంద్రప్ప, తల ఎత్తకుండా. "సగం ఆట ఆడమంటి."

సుంకులమ్మ బూటు పక్కన పెట్టింది.

దేవేంద్రప్ప తల ఎత్తాడు. ఇంకా పోకుండా నిలబడి చూస్తున్న ఇరుగుపొరుగును చూశాడు, విశ్వాసమ్మను చూశాడు, చివరికి భార్య కళ్ళలోకి చూశాడు.

"తప్పు నాదే సుంకులూ. నా కొడుకు కాలు చూసినాక గానీ బొజ్జన్న భుజం నాకు కనపడలే. ఆ రూలు రాసింది నేను, సావుకారుదని అబద్ధం చెప్పింది నేను. ఇప్పుడే బస్టాండుకు పోయి, ఆ మనిషి ముందర నిలబడి ఇదే మాట చెప్తా."