అమ్మమ్మ క్లాసు గుమ్మం

మధ్యాహ్నం బెల్లు మోగేసరికి తూనీగ వరండాలో బల్ల మీద నిలబడి, పొడుగు చీపురుతో గుమ్మం పైన గోడ దులుపుతోంది. సన్నటి కాళ్ళూ చేతులూ ఉన్నాయని ఇంట్లో ఆ పిల్లని అలా పిలుస్తారు. బడిలోనూ అదే పేరు స్థిరపడిపోయింది.

ఆ సాయంత్రం బడిలో తూనీగ వాళ్ళ అమ్మమ్మ సంస్మరణ సభ. కిందటి నెలలో అమ్మమ్మ కన్నుమూసింది. తొంభై దాటిన మనిషి. ఒకప్పుడు ఈ బడిలోనే సైన్సు టీచరు. ఆవిడ పాఠాలు చెప్పిన గదిలోనే సభ పెట్టారు. మనవరాలిగా తూనీగ నాలుగు మాటలు మాట్లాడాలి.

"పాత స్టూడెంట్లు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. గది అద్దంలా ఉండాలి," అంది హెడ్ మిస్ పొద్దున్నే.

తూనీగ గది ఊడ్చింది, బల్లలు తుడిచింది. ఇక మిగిలింది గుమ్మం పైన గోడ. అక్కడ మట్టి ముద్దలు సగం గిన్నెల్లా అతుక్కుని ఉన్నాయి. కింద నేలంతా తెల్లటి రెట్టలు.

"ఛీ! వచ్చినవాళ్ళ నెత్తిన పడితే?"

చీపురు కర్రతో గట్టిగా పొడిచింది. మట్టి పొలపొలా రాలింది. చీలిన తోకల చిన్న పిట్టలు వరండాలోంచి దూసుకుపోయాయి. తూనీగ ఆ మట్టి కూడా ఊడ్చి మూలకి నెట్టేసింది.

నిజానికి అమ్మమ్మ కోసం ఇంతమంది ఎందుకొస్తున్నారో ఆ పిల్లకి అంతుపట్టలేదు. తనకి తెలిసిన అమ్మమ్మ కుర్చీలో కునికిపాట్లు పడేది. ఏం చెప్పినా "ఆఁ?" అనేది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికేది.

సాయంత్రం అందరికంటే ముందు ఒక ముసలాయన వచ్చాడు. గుమ్మం వైపు చూడనైనా చూడకుండా, పక్కనున్న వెడల్పాటి కిటికీ దగ్గరికి నడిచాడు. చేతికర్ర లోపలికి విసిరి, కాలు పైకెత్తబోయాడు.

తూనీగ పరిగెత్తుకొచ్చింది. "తాతగారూ! గుమ్మం ఇటు!"

"తెలుసు తల్లీ. కానీ ఇది గుమ్మం పైన వానకోయిల పిట్టలు గూడు కట్టుకునే కాలం కదా. ఈ రోజుల్లో టీచరమ్మ క్లాసుకి కిటికీలోంచే దూకాలి. ఏం చేయను, ఇప్పుడు మోకాళ్ళు మాట వినట్లేదు!"

వెనకే వచ్చిన లారీ డ్రైవరు నవ్వుతూ ఆయన్ని పైకి ఎత్తి లోపలికి దించాడు. తనూ అటే దూకాడు. ఆ వెనక వచ్చిన నర్సూ అంతే. తెల్లజుట్టు వాళ్ళూ, నల్లజుట్టు వాళ్ళూ అందరూ కిటికీ దగ్గరే వరస కట్టారు. తూనీగ నోరు వెళ్ళబెట్టి చూసింది.

"తలుపు టపటపా కొడుతుంటే పిట్టలు బెదిరిపోతున్నాయని టీచరమ్మ తలుపుకి తాళం వేసేసింది," అన్నాడు ముసలాయన. "మా హెడ్ మాస్టరు మండిపడ్డాడు. 'అవి ఇల్లు కట్టుకుంటున్నాయండీ. మీరు కూడా కిటికీలోంచి రండి, ఒంటికి మంచిది' అంది ఆవిడ. ఆయనది భారీ శరీరం. సగంలో ఇరుక్కుపోయాడు! మేమే కాళ్ళు పట్టుకుని లాగాం."

అందరూ పడీ పడీ నవ్వారు.

"మా రోజుల్లో అయితే, రోడ్డు కోసం చెట్లు కొట్టడానికి మిషన్లు వచ్చాయి," అన్నాడు డ్రైవరు. "టీచరమ్మ చెట్టు కింద కుర్చీ వేసుకుని మా పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చుంది. 'దిద్దడం అయ్యాక లేస్తాను' అంది. ఎన్నాళ్ళయినా ఆ దిద్దడం అవలేదు! చివరికి రోడ్డే పక్కకి జరిగింది. ఇప్పటికీ ఎండవేళ ఆ చెట్ల కిందే లారీ ఆపుకుంటాను."

"మురికి వాగు నీళ్ళు సీసాలో పట్టుకుని మా అందరినీ ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్ళింది," అంది నర్సు. "గ్లాసులో పోసి, 'తీసుకోండి సార్, దాహంగా ఉందేమో' అంది. ఆయన ముఖం చూడాలి! వాగు బాగుపడేదాకా మేం వెళ్తూనే ఉన్నాం."

ఇవన్నీ చేసింది అమ్మమ్మేనా? తన అమ్మమ్మేనా?

అప్పుడు ముసలాయన కిటికీలోంచి తల బయటికి పెట్టి గుమ్మం పైకి చూశాడు. "గూళ్ళేవీ?"

తూనీగ 'ఏమో' అనేద్దామనుకుంది. నాలుక దాకా వచ్చింది కూడా.

"నేనే... దులిపేశాను. మురికనుకున్నాను."

ఎవరూ కేకలేయలేదు. అదే ఇంకా బాధగా అనిపించింది.

"పోనీలే తల్లీ. మళ్ళీ కట్టుకుంటాయి," అన్నాడు ముసలాయన.

"దేంతో కడతాయి తాతగారూ?"

"తడి మట్టితో. ముక్కున కరుచుకొచ్చి, కొంచెం కొంచెంగా."

తూనీగ బడి ఆవరణ వైపు చూసింది. ఎండకి నేల నెర్రెలిచ్చి ఉంది. ఎక్కడా చెమ్మ లేదు.

సభ మొదలైంది. "ఇప్పుడు టీచరమ్మ మనవరాలు మాట్లాడుతుంది," అంది హెడ్ మిస్. తూనీగ లేదు.

అమ్మ గాభరాగా బయటికొచ్చింది. కుళాయి పక్కన తూనీగ మోకాళ్ళ మీద కూర్చుని నేల తవ్వుతోంది. కొత్త గౌను నిండా బురద.

"ఏమిటే ఈ అవతారం! లోపల అందరూ నీకోసం చూస్తున్నారు!"

"పిట్టలకి మట్టి లేదమ్మా. గూడు నేనే పడగొట్టాను."

అమ్మ గుంట వైపు చూసింది. తర్వాత చీర చెంగు నడుముకి దోపుకుని పక్కన కూర్చుని, కుళాయి కింద ఉన్న బకెట్‌ని దగ్గరికి లాక్కుంది.

లోపల ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే కిటికీలోంచి దిగి వచ్చారు. డ్రైవరు గట్టి మట్టి పెళ్ళలు చిదిపాడు. ముసలాయన "నీళ్ళెక్కువయ్యాయి... ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అంటూ చూపించాడు. తర్వాత అందరూ వెనక్కి జరిగి వరండాలో నిలబడ్డారు.

చాలాసేపు పిట్టలేవీ రాలేదు.

ఉన్నట్టుండి ఒక పిట్ట గాలిలోంచి జారినట్టు దిగింది. బురద అంచున అటూ ఇటూ గెంతి, ముక్కుతో ఇంత మట్టి పొడుచుకుని, అందరి తలల మీదుగా గుమ్మం పైకి ఎగిరింది. ఖాళీ గోడ మీద ఒక చిన్న తడి చుక్క మెరిసింది.

"ఇప్పుడు మాట్లాడతావా?" చెవిలో అడిగింది హెడ్ మిస్.

తూనీగ తల అడ్డంగా ఊపింది. సాయంత్రపు ఎండకే బురద అంచు అప్పుడే తెల్లబడుతోంది. మెల్లగా వెళ్ళి, దోసిలితో నీళ్ళు తీసి, చప్పుడు కాకుండా ఆ అంచు మీద చిలకరించింది.